రాణి సమాధిలో రాతి బొమ్మలు

జేడ్ అనే రాయి పేరు విన్నారా? ఎక్కువగా ఆకుపచ్చ రంగులో ఉంటుంది. తెల్లదీ ఉంటుంది. మన ఉంగరాల్లో పొదిగే పచ్చ వేరు, ఇది వేరు. చైనాలో పూర్వం నుంచీ బంగారం కంటే జేడ్‌నే గొప్పగా చూశారు.

1976లో చైనాలోని అన్‌యాంగ్ దగ్గర తవ్వకాలు జరిగాయి. ఆ పని నడిపింది ఒక స్త్రీ. ఆమె పేరు జెంగ్ జెన్‌షియాంగ్. ఏడున్నర మీటర్ల లోతున ఒక సమాధి బయటపడింది. దొంగల చెయ్యి పడని సమాధి! అందులో 755 జేడ్ వస్తువులు దొరికాయి. ఏనుగులు, పులులు, చేపలు, పక్షులు. చాలా బొమ్మలు అరచేతిలో పట్టేవే. వేల గవ్వలు కూడా ఉన్నాయి.

ఆ సమాధి ఎవరిది? కంచు పాత్రల మీద పేరు రాసి ఉంది. ఫూ హావో. సుమారు 3,200 ఏళ్ల కిందటి రాణి. ఊ డింగ్ అనే రాజుకు భార్య. ఆ కాలపు ఎముకల మీద కూడా ఆమె సంగతులు రాసి పెట్టారు. 13,000 మంది సైన్యంతో యుద్ధానికి వెళ్లిందట. ఆమె కాన్పుల గురించి కూడా రాశారు. ఆ రాతలే లేకపోతే ఎవరో రాజుగారి భార్య అనుకుని ఊరుకునేవారేమో.

ఇక బొమ్మల సంగతి. జేడ్ మీద మామూలు కత్తితో గీస్తే గీత పడదు. మరి ఏనుగు తొండం ఎలా చెక్కారు? నిజానికి చెక్కలేదు, అరగదీశారు. గట్టి ఇసుక, నీళ్లు వేసి రుద్దుతూ పోతే ఇసుకే రాయిని తినేస్తుంది. మనం సానరాయి మీద కత్తి నూరినట్టే. ఎన్నో రోజుల ఓపిక కావాలి.

పాత బొమ్మను పరీక్షించేవాళ్లు ముందు బెజ్జం చూస్తారు. అప్పట్లో తరచు రెండు వైపుల నుంచీ తొలిచేవారు. అందుకని బెజ్జం అంచుల దగ్గర వెడల్పుగా, నడుమ సన్నగా ఉంటుంది. బుడబుక్కలవాడి డమరుకంలాగా అన్నమాట. తర్వాత భూతద్దంతో గీతలు చూస్తారు. చేతి గీత కాస్త అటూ ఇటూ పోతుంది. యంత్రం గీత ఒకే తీరుగా ఉంటుంది.

రంగును మాత్రం నమ్మకూడదు. మట్టిలో చాలాకాలం ఉంటే జేడ్ తెల్లబడుతుంది, నిజమే. కానీ కాల్చి, మందులు పూసి ఆ రంగు తెప్పించే మోసగాళ్లు ఉన్నారు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం అది దొరికిన చోటే. దొంగతనంగా తవ్వి అమ్మిన బొమ్మకు ఆ సాక్ష్యం పోతుంది.

ఇంకో వింత. ఫూ హావో సమాధిలోని కొన్ని జేడ్ వస్తువులు ఆమె కంటే వెయ్యేళ్లకు పైగా పాతవి. ఆ రాణి కాలానికే అవి పురాతన వస్తువులు!