వీణకి మైకు: గొంతు పెంచడం వేరు, తోక కాపాడడం వేరు

వీణని ఎప్పుడైనా ఓ చిన్న గదిలో, రెండు గజాల దూరంలో కూర్చుని విన్నారా? మీటిన శబ్దం కంటే, మీటాక మిగిలే నాదం ఎక్కువ నచ్చుతుంది. మెట్టు మీద తీగని పక్కకి లాగితే స్వరం పైకి జారుతుంది, ఒక్కోసారి రెండు మూడు స్వరాల దూరం వెళ్ళి వెనక్కి వస్తుంది. గమకం అంటే అదే. అయితే ఆ ప్రయాణం జరుగుతున్నంతసేపూ శబ్దం తగ్గుతూనే ఉంటుంది. రాగం ఆ తగ్గుతున్న తోకలోనే ఉంటుంది.

ఇప్పుడు అదే వీణని మన ఆడిటోరియంలో పెట్టండి. పైన ఫ్యాన్లు, ఏసీ హోరు, పక్కన మృదంగం, వెనక వరసలో మనవాళ్ళ కబుర్లు. తోక ఆ హోరులో మునిగిపోతుంది. అప్పుడు వాయించేవాళ్ళు ఏం చేస్తారు? ఒక్క మీటుతో అయ్యే పలుకుని మూడు మీట్లుగా విడగొడతారు. వినిపిస్తుంది గానీ ముక్కలు ముక్కలుగా. మూడేళ్ళుగా కాలేజీ ప్రోగ్రామ్‌లకి సౌండ్ చూస్తున్నాను కాబట్టి చెప్తున్నా, వీణ దగ్గర ‘వాల్యూమ్ పెంచు’ అనేది అసలు సమస్యే కాదు.

ముందు మామూలు మైకు సంగతి. కుండకి ఎదురుగా స్టాండ్ మీద మైకు పెడితే నాదం సహజంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ వీణ శబ్దం చిన్నది, గెయిన్ బాగా తిప్పాలి. స్పీకర్‌లోంచి వచ్చింది మళ్ళీ మైకులోకి దూరుతుంది, లూప్ గెయిన్ ఒకటి దాటగానే ‘కుయ్’ మంటుంది. కంట్రోల్ సిస్టమ్స్‌లో చదివిందే, ఇక్కడ చెవులతో వింటాం. కుండ కూడా ఆ శబ్దానికి కంపించి లూప్‌కి సాయం పడుతుంది. పైగా మృదంగం అంతా ఈ మైకులోనే పడుతుంది. మైకు దూరాన్ని సగం చేస్తే నేరుగా వచ్చే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. కాబట్టి దగ్గరగా పెట్టడం, కార్డియాయిడ్ మైకు అయితే మానిటర్ సరిగ్గా దాని వీపు వైపు ఉండేలా చూడడం, ఈ రెండూ ఏ ఈక్వలైజర్ కన్నా ముందు చెయ్యాల్సిన పనులు.

అందుకే చాలామంది కాంటాక్ట్ మైకు వాడతారు. గాలిలో శబ్దాన్ని కాక, చెక్క కంపనాన్ని పట్టే పిజో బిళ్ళ అది. మనం ప్రాజెక్టులకి కొనే 27 మిల్లీమీటర్ల ఇత్తడి బిళ్ళలాంటిదే. ఫీడ్‌బ్యాక్ బాగా తగ్గుతుంది. కానీ దాన్ని తిన్నగా మిక్సర్‌లో గుచ్చితే వీణ కాస్తా రేకు డబ్బా అయిపోతుంది. తప్పు బిళ్ళది కాదు, లెక్కది.

పిజో బిళ్ళ ఒక కెపాసిటర్ లాంటిది, సుమారు 20 నానోఫారడ్లు అనుకోండి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్స్ అయితే ఆ రెండూ కలిసి హై-పాస్ ఫిల్టర్ అవుతాయి. కటాఫ్ 1/(2πఆర్‌సీ), అంటే దాదాపు 800 హెర్ట్జ్! ఇక వీణ వైపు చూడండి. మూడు శ్రుతిలో, అంటే ‘ఈ’ కి శ్రుతి చేస్తే సారణి తీగ సుమారు 165 హెర్ట్జ్, అనుమంద్ర పంచమం సుమారు 62. ఆ పంచమం 22 డెసిబెల్స్ దాకా పోతుంది. సారణి మూలస్వరమూ బాగా నష్టపోతుంది. మిగిలేది గోటి చప్పుడు, మెట్ల మీద వేలి కీచు.

అదే ఇన్‌పుట్ 1 మెగాఓమ్ అయితే కటాఫ్ 8 హెర్ట్జ్‌కి దిగుతుంది. దీనికి ఒక ఆప్-ఆంప్ బఫర్, ఒక 9 వోల్టుల బ్యాటరీ చాలు. సెకండ్ ఇయర్ ల్యాబ్‌లో చేసిన సర్క్యూటే. బఫర్ డబ్బా వీణ పక్కనే ఉండాలి, బిళ్ళ నుంచి దాకా పొట్టి షీల్డెడ్ వైరు ఉండాలి. లేకపోతే 50 హెర్ట్జ్ హమ్ కూడా కచేరీ చేస్తుంది.

గిటార్ మాగ్నెటిక్ పికప్ పెడితే పోదా అని ప్రతి ఏడాదీ ఒకరు అడుగుతారు. అది ఉక్కు తీగల్నే పట్టించుకుంటుంది. మంద్ర తీగలు ఇత్తడివైతే అవి మూగబోతాయి.

సర్క్యూట్ కుదిరాక కూడా ఒక పేచీ మిగిలింది. మా క్లబ్‌లో వీణ వాయించే జూనియర్ రిహార్సల్‌లో విని, “అన్నా, బాగుంది, కానీ ఇది నా వీణ కాదు” అంది. వాళ్ళ గురువుగారు అసలు బిళ్ళ అంటించడానికే ఒప్పుకోలేదట, “స్టిక్కర్లు వెయ్యడానికి అదేమన్నా సూట్‌కేసా?” అన్నారట. నవ్వొచ్చినా ఆ మాటలో న్యాయం ఉంది. వీణ గుర్రం మీద వెడల్పాటి లోహపు పలక ఉంటుంది. తీగ దాన్ని ఒరుసుకుంటూ కంపిస్తుంది, అందుకే హార్మోనిక్స్ అంత దండిగా పుడతాయి. మామూలు తీగల సూత్రం ప్రకారం ఉండకూడని హార్మోనిక్స్ కూడా వీణలో, తంబురాలో వినిపిస్తాయని సి.వి.రామన్ 1921లోనే రాశారు. చెవికి చేరేది ఆ హార్మోనిక్స్‌కి కుండ, పై పలక, గాలి కలిసి ఇచ్చిన రూపం. బిళ్ళ మాత్రం తాను అంటుకున్న ఒక్క చోటి సంగతే చెబుతుంది.

కాబట్టి నా ఓటు రెండింటికీ. బిళ్ళని పై పలక మీద, గుర్రానికి ఒకటి రెండు అంగుళాల దూరంలో, పాలిష్ లేవని మెత్తటి జిగురు ముద్దతో అంటించండి. గుర్రానికి దగ్గరైతే పదును, దూరమైతే గుండ్రం. వాయించే మనిషి చెవిని అడిగి జరపండి. దానితోపాటు 30 సెంటీమీటర్ల దూరంలో ఒక కండెన్సర్ మైకు. మానిటర్‌లోకి బిళ్ళ మాత్రమే, హాల్‌లోకి రెండూ కలిపి. తోకని లేపడానికి కంప్రెసర్‌ని గట్టిగా నొక్కేస్తే ఫ్యాన్ల హోరూ లేస్తుంది, మీటు చచ్చిపోతుంది. 2:1 దాటొద్దని నా సలహా.

ఒక్క చిక్కు. 30 సెంటీమీటర్లు దాటడానికి శబ్దానికి 0.9 మిల్లీసెకన్లు పడుతుంది. రెండు సిగ్నల్స్ ఉన్నవి ఉన్నట్టు కలిపితే 570 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, నాదం బోలుగా మారుతుంది. డిజిటల్ మిక్సర్ అయితే బిళ్ళ ఛానల్‌కి అంతే డిలే ఇవ్వండి. అనలాగ్ అయితే ఫేజ్ బటన్ నొక్కి, రెండిట్లో ఏది నిండుగా వినిపిస్తే అది ఉంచండి. ఇదంతా తలుపులు తెరవకముందే, ఫ్యాన్లు వేసి చూసుకోవాలి.