రోగ నిర్ణయమునకు రైతు మాటయే తొలి మెట్టు

కొన్ని ఏండ్ల క్రిందట పత్తి పైరు కాలములో నేనొక గ్రామమునకు పోయి యుండగా, చేనిలో పురుగుమందు చల్లి వచ్చిన రైతు ఒకరు కళ్ళు తిరిగి పడిపోయెను. ఇంటివారు ఆయనను దవాఖానాకు చేర్చి, "ఎండదెబ్బ తగిలింది సారూ" అని చెప్పిరి. వెంట వచ్చిన చిన్న కొడుకు మాత్రము, "నాయిన పొద్దటి సంది పత్తికి మందు కొడుతున్నడు. నోట్లకెల్లి సొంగ కారుతున్నది" అనెను. వెంటనే వైద్యుడు కంటిపాపలు పరీక్షించెను. అవి ఆవగింజంతకు కుంచించుకొని యుండెను. చెమటలు పట్టి, కండరములు అదురుచుండెను. ఇవి ఆర్గనోఫాస్ఫేటు జాతి మందుల విష లక్షణములు. విరుగుడు ఇచ్చిరి; రైతు బ్రతికెను.

పెద్దలు చెప్పినది జబ్బు పేరు. పిల్లవాడు చెప్పినది కంటితో చూచిన లక్షణము. వైద్యునకు కావలసినది రెండవదియే.

హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము మీదుగా తార్నాకకు పోవునప్పుడెల్ల నాకీ సంగతి జ్ఞప్తికి వచ్చును. ఈ విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడెను. తొలి మూడు దశాబ్దములు ఇచట బోధన ఉర్దూలో సాగెను. అందుకై ఒక అనువాద శాఖను నెలకొల్పి, శాస్త్ర గ్రంథములను తర్జుమా చేయించి, వేలకొలది క్రొత్త పదములను కూర్చిరి. అది గొప్ప కృషి. అయినను దవాఖానాకు వచ్చు రైతు ఆ గ్రంథములు చదివి రాడు. తన ఇంటి మాటతోనే వచ్చును.

ఆ ఇంటి మాట తక్కువది కాదు. ప్రాంగణము ప్రక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. ఇది కూడ 1918లోనే కూనూరులో చిన్న పరిశోధన విభాగముగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలి వచ్చెను. 1969లో ఇప్పటి పేరు పొందెను. దక్కను పీఠభూమిలో జొన్నయే ముఖ్యాహారముగా గల బీదలలో పెల్లాగ్రా అను వ్యాధి కన్పట్టుచుండెడిది. ఎండ సోకిన చేతులు, పాదములు, మెడ నల్లబడి పొట్టు లేచును; విరేచనములగును; ముదిరినచో మతి చలించును. జొన్నలో ల్యూసిన్ అధికముగా నుండుట ఇందుకు కారణము కావచ్చునని ఈ సంస్థకు చెందిన డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకాంతయ్య 1960లో ప్రకటించిరి. నయాసిన్ అను విటమిను ఇచ్చిన ఈ వ్యాధి నయమగును. వేరుసెనగలో అది సమృద్ధిగా కలదు.

పెల్లాగ్రా అనగా ఇటలీ భాషలో "గరుకు చర్మము". అది అచటి పల్లె ప్రజలు వాడిన మాటయే. బిడ్డలకు వచ్చు క్వాషియోర్కర్ పేరు ఆఫ్రికా తల్లులది: క్రొత్త బిడ్డ కలుగగా చనుబాలకు దూరమైన పెద్దబిడ్డకు వచ్చు జబ్బని భావము. మన "రేచీకటి" చూడుడు. పొద్దు గ్రుంకగనే బిడ్డ తడుముకొనుచున్నాడనిన విటమిన్ ఏ లోపమును వైద్యుడు మొదట తలచును. ఆరు మాసములకొకసారి పెద్ద మోతాదులో ఆ విటమినును బిడ్డలకిచ్చు పద్ధతిని తార్నాక సంస్థ పరీక్షించి చూచెను. 1970లో అది దేశవ్యాప్త పథకమాయెను.

అయితే ఒక్క మాట అనేక జబ్బులకు చెల్లునపుడు చిక్కు వచ్చును. రక్తము తగ్గి పాలిపోయినను, కామెర్లు వచ్చి పచ్చబడినను, కొందరు "ఒళ్ళు పసుపెక్కింది" అనియే చెప్పుదురు. కామెర్లలో కంటి తెల్లగ్రుడ్డు పచ్చబడును. రక్తహీనతలో క్రింది రెప్ప లోపలి భాగము తెల్లబడును. రెండింటికి చికిత్స వేరు.

పైరు విషయమును ఇంతే. "వరి పసుపెక్కింది" అనినంత మాత్రమున మేము మందు చెప్పజాలము. ముదురాకులు ముందుగా పసుపెక్కినచో నత్రజని లోపమై యుండవచ్చును. నారుమడిలో లేతాకులు ముందుగా తెల్లబడినచో ఇనుపధాతు లోపమును తలచవలెను. ఏ ఆకు ముందు, ఏ ఆకు వెనుక అను ఒక్క మాట ఎరువుల ఖర్చును నిర్ణయించును.

కావున రైతు సోదరులు దవాఖానాకు పోవునపుడు ఈ సంగతులు చెప్పవలెను:

1. బాధ ఒంటిలో ఏ చోట? వ్రేలితో చూపుడు.
2. ఏనాడు మొదలాయెను? ఏది ముందు, ఏది తరువాత?
3. పగలు హెచ్చునా, రాత్రి హెచ్చునా?
4. ఏమి తినిరి? ఏ పని చేసిరి? ఇంటిలో మరెవరికైన కలదా?
5. పురుగుమందు చల్లి యుండినచో తడిసిన బట్టలు విప్పించి, ఒళ్ళు సబ్బుతో కడిగి, ఆలస్యము చేయక దవాఖానాకు చేర్చుడు. మందు డబ్బా మీది చీటీని తప్పక వెంట తీసికొనిపొండు.

గ్రామోద్యోగులు ఈ ఐదు సంగతులను గ్రామ చావడి గోడమీద వ్రాయించిన మేలు. జబ్బుకు పేరు పెట్టు పని వైద్యునిది. చూచినది చూచినట్లు చెప్పు పని మనది. ఆ దినమున ఆ పిల్లవాడు చేసినది అంతియే.