అణువులకూ గణ విభజన!

నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుందని మీకు తెలుసు. ఎథనాల్ అనే ఆల్కహాలు 78.4 డిగ్రీల వద్దే మరుగుతుంది. ఈ రెండింటినీ కలిపి, మళ్ళీ వేరు చెయ్యమంటే మీరేం చేస్తారు? "అదెంత పని! వేడిచేస్తే ఎథనాల్ ముందుగా ఆవిరవుతుంది. ఆ ఆవిరిని చల్లబరిస్తే సరి" అంటారు కదూ!

డిస్టిలరీలలో చేసే స్వేదనం అదే. కాని ఒక చిత్రం జరుగుతుంది. మామూలు వాతావరణ పీడనం వద్ద, బరువులో 95.6 శాతం ఎథనాల్ కాగానే పని ఆగిపోతుంది. ఆ తరువాత ఎన్నిసార్లు మరిగించినా ద్రవంలో ఎంత నీరుందో ఆవిరిలోనూ అంతే నీరుంటుంది! ఇలాంటి మిశ్రమాన్ని ఎజియోట్రోప్ అంటారు.

దీనికి కారణం అణువుల ఇష్టాయిష్టాలు. ఎథనాల్ అణువుకు ఒక చివర హైడ్రాక్సిల్ సమూహం ఉంది. దానికి నీటితో మంచి స్నేహం. మిగిలిన భాగం కార్బన్, హైడ్రోజన్ల తోక. దానిది నూనె స్వభావం, నీటితో పొసగదు. ఎక్కువ ఎథనాల్ మధ్య చిక్కిన కొద్దిపాటి నీటి అణువులు ఆ తోకల మధ్య ఇమడలేక, మనం అనుకున్నదానికంటే తేలికగా ఆవిరిలోకి పారిపోతాయి.

ఇలా పారిపోయే తొందర ఎంత ఎక్కువో చెప్పే సంఖ్యను క్రియాశీలతా గుణకం అంటారు. అణువులకు ఏ ఇష్టాయిష్టాలూ లేని ఆదర్శ ద్రావణంలో దాని విలువ 1. ఈ గుణకం తెలిస్తే ద్రవం, ఆవిరి అనే రెండు ప్రావస్థల మధ్య సమతాస్థితిలో ఏది ఎంత ఉంటుందో లెక్కకట్టవచ్చు. అది తెలియకుండా కోట్ల ఖర్చుతో స్వేదన స్తంభం కట్టేస్తే, అది 95.6 శాతం దగ్గర మొండికేసినప్పుడు ఏం చేస్తాం?

"ప్రయోగం చేసి చూసుకోవచ్చుగా" అంటారా? 1000 ద్రవాలున్నాయనుకోండి. రెండేసి చొప్పున కలిపితే 4,99,500 జతలవుతాయి. ఒక్కొక్క జతనూ రకరకాల పాళ్ళలో, రకరకాల ఉష్ణోగ్రతల వద్ద పరీక్షించాలి. ఎన్ని తరాలు పడుతుందో!

ఇక్కడ మీ తెలుగు తరగతి ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పద్యాలు వేలకువేలు. కాని ఉత్పలమాల పాదం ఏదైనా భ, ర, న, భ, భ, ర, వ గణాలుగానే విడిపోతుంది. పద్యాలు ఎన్నయినా గణాలు కొన్నే. అణువులూ అంతే! ద్రవాలు వేలున్నా, వాటిలో మళ్ళీమళ్ళీ కనిపించే పరమాణు సమూహాలు కొద్ది డజన్లే. 50 సమూహాలనుకుంటే జతలు 1,225 మాత్రమే.

ద్రవంలో అణువులు కాదు, వాటి సమూహాలే ఒకదానితో ఒకటి వ్యవహరిస్తాయన్న ఊహ 1925లోనే ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ రచనల్లో కనిపిస్తుంది. దాన్ని ఆధారం చేసుకుని 1975లో డెన్మార్క్‌కు చెందిన ఆగే ఫ్రెడెన్‌స్లుండ్, అమెరికాలో పనిచేస్తున్న రస్సెల్ జోన్స్, జాన్ ప్రౌస్నిట్జ్ 'యూనిఫాక్' అనే పద్ధతిని ప్రకటించారు.

ఇందులో ప్రతి సమూహానికీ ఒక పరిమాణ సంఖ్య, ఒక ఉపరితల సంఖ్య ఉంటాయి. మిథైల్ సమూహపు పరిమాణ సంఖ్య 0.9011. మిథిలీన్‌కు 0.6744, హైడ్రాక్సిల్‌కు 1.0000. ఎథనాల్‌లో ఈ మూడూ ఒక్కొక్కటే ఉన్నాయి. కూడితే 2.5755. ఇక సమూహాల మధ్య పొత్తు ఎలాంటిదో చెప్పడానికి జతకు రెండేసి సంఖ్యలు కావాలి. వాటిని అంతకుముందే జరిగిన ప్రయోగాల ఫలితాల నుంచి రాబట్టి పట్టికగా వేశారు. ఆ పట్టిక చేతిలో ఉంటే, ఎవరూ ఎన్నడూ కలిపి చూడని రెండు ద్రవాల నడవడినీ ముందుగానే అంచనా వేయవచ్చు!

అయితే ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. 2-మిథైల్ పెంటేన్, 3-మిథైల్ పెంటేన్ వేర్వేరు పదార్థాలు. కాని రెండింటిలోనూ అవే సమూహాలు, అన్నే ఉన్నాయి. అందుచేత యూనిఫాక్ కంటికి రెండూ ఒకటే. అలాగే ద్రవం ఆవిరయ్యే లెక్కకు పనికివచ్చిన పట్టిక, ద్రవం రెండు పొరలుగా విడిపోయే లెక్కకు అంతగా కుదరలేదు. దానికోసం 1981లో వేరే పట్టిక తయారుచేయవలసి వచ్చింది. అంచనా ఎంత బాగున్నా, చివరి తీర్పు ప్రయోగానిదే.

రెండు పొరల సంగతి మనకెందుకంటారా? మన దేశంలో ఇప్పుడు పెట్రోలులో ఎథనాల్ కలుపుతున్నారు. అందులోకి నీరు ఎక్కువగా చేరితే, అది ఎథనాల్‌ను తనవైపు లాక్కుని టాంకు అడుగున వేరే పొరగా నిలుస్తుంది. ఆ పొర ఇంజన్‌లోకి వెళితే బండి మొరాయిస్తుంది. పెట్రోలులో వందలాది హైడ్రోకార్బన్లు ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ నీటితో, ఎథనాల్‌తో కలిపి చూడడం ఎవరి తరం? కాని వాటిలోని సమూహాలు మాత్రం కొన్నే!

ఇప్పుడు మీకో చిన్న లెక్క. 1-బ్యూటనాల్‌లో ఒక మిథైల్, మూడు మిథిలీన్, ఒక హైడ్రాక్సిల్ సమూహాలున్నాయి. దాని పరిమాణ సంఖ్య ఎంత? కాగితం మీద కూడి చూడండి. 3.9243 వచ్చిందా? అయితే అణువుకు గణ విభజన చెయ్యడం మీకు వచ్చేసినట్టే!