సువార్త పుటల్లో సింహం, నెమలి, చేప

డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ గ్రంథాలయంలో ‘బుక్ ఆఫ్ కెల్స్’ ఉంది. క్రీ.శ. 800 ప్రాంతంలో క్రైస్తవ సన్యాసులు దూడ చర్మం మీద లాటిన్‌లో రాసిన నాలుగు సువార్తల ప్రతి ఇది. 340 పత్రాలు మిగిలాయి. దాదాపు ప్రతి పుటలోనూ రంగుల అలంకారం ఉంది.

ఈ బొమ్మలు కేవలం ముచ్చట కోసం వేసినవి కావు. సువార్తలు రాసినవారిలో మత్తయికి మనిషి, మార్కుకు సింహం, లూకాకు దూడ, యోహానుకు పక్షిరాజు గుర్తులు. బైబిల్లో యెహెజ్కేలు దర్శనం, ప్రకటన గ్రంథం వర్ణించిన నాలుగు జీవులే వీటికి మూలం. ఈ పుటల్లో నెమలీ కనిపిస్తుంది. దాని మాంసం కుళ్లదని అప్పట్లో నమ్మేవారు. అందుకే అది చావులేని జీవానికి చిహ్నమైంది.

అన్నిటిలోకీ ఆశ్చర్యపరిచేది మత్తయి సువార్తలో యేసు పుట్టుక వృత్తాంతం మొదలయ్యే పుట. గ్రీకులో క్రీస్తు పేరులోని తొలి అక్షరాలు సుడులు, ముడులు, మెలికలతో పుటంతా అల్లుకుపోయాయి. కింది భాగాన్ని కాస్త దగ్గరగా చూడాలి. రెండు ఎలుకలు గుండ్రటి రొట్టెను కొరుకుతుంటాయి, పక్కనే పిల్లులు కాపు కాస్తుంటాయి. అది ప్రభు సంస్కారపు రొట్టె అని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ దగ్గర్లోనే నీటికుక్క నోట చేప. తొలి క్రైస్తవులకు చేప క్రీస్తు గుర్తు. ఇంత పవిత్రమైన పుటలో ఎలుకకూ చోటిచ్చిన ఆ చిత్రకారుడి మనసు ఎంత విశాలమో!

ఇంత వైభవంలోనూ బంగారు రేకు వాడలేదు. పసుపు రంగుకు హరిదళం, ఎరుపుకు సిందూరం సరిపోయాయి. నీలం ఆఫ్ఘనిస్థాన్ రాతి పొడి అని చాలాకాలం అనుకున్నారు. పరీక్షిస్తే అది మొక్క నుంచి తీసిన రంగేనని తేలింది.