నామినీ అంటే వారసుడు కాదు!

కొత్త ఉద్యోగంలో చేరిన రోజు హెచ్‌ఆర్‌ వాళ్లిచ్చిన ఫారాల్లో ‘నామినీ’ అన్నచోట అమ్మ పేరో నాన్న పేరో చకచకా రాసేసి ఉంటారు. ఆ తర్వాత దాన్ని మళ్లీ చూసి ఉండరు. ఇంట్లో పెద్దవాళ్ల సంగతీ అంతే. ఎఫ్‌డీలు ఏ బ్యాంకులో ఉన్నాయో, ఎల్‌ఐసీ బాండు ఏ బీరువాలో ఉందో చాలా ఇళ్లలో నాన్నకొక్కడికే తెలుసు. అనుకోనిది జరిగితే ఆసుపత్రి, బ్యాంకు, తహసీల్దారు ఆఫీసు... అన్నిటి చుట్టూ తిరగాల్సింది చదువుకున్న పిల్లలే. అంటే మీరే! అందుకే ఈ సంగతులు ఇప్పుడే తెలుసుకోండి.

డబ్బు చేతికొచ్చేది ఒకరికి.. హక్కు అందరికీ

బ్యాంకు డిపాజిట్‌కు మీరు నామినీ అయినంత మాత్రాన ఆ డబ్బంతా మీదైపోదు. బ్యాంకు దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో చెప్పడానికే నామినేషన్‌. అందుకున్నాక వీలునామా ఉంటే దాని ప్రకారం, లేదంటే చట్టం చెప్పిన వారసులందరికీ పంచాల్సిందే. షేర్లకూ ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చి చెప్పింది. జీవిత బీమాలో తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే 2015 సవరణ ప్రకారం వేరే నిబంధన ఉంది. దాని మీదా కోర్టుల్లో వాదాలు నడుస్తూనే ఉన్నాయి. బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు 2025 నవంబరు 1 నుంచి వచ్చింది. పీఎఫ్‌ నామినేషన్‌ను పెళ్లయ్యాక మళ్లీ నింపడం మరచిపోవద్దు.

వాటా ఎవరెవరికి?

హిందూ వారసత్వ చట్టం-1956 ప్రకారం, వీలునామా లేకుండా నాన్న చనిపోతే ఆయన స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలు. ఆయన తల్లి బతికుంటే ఆమెకూ అంతే. నానమ్మను లెక్కలోంచి వదిలేసి రాసుకున్న కాగితం ఎప్పటికైనా చిక్కే. పెళ్లికాని యువకుడు చనిపోతే మొదటి వరుస వారసురాలు తల్లి, తండ్రి రెండో వరుసలోకి వస్తాడు. ముస్లింలకు వారి పర్సనల్‌ లా, క్రైస్తవులకు భారత వారసత్వ చట్టం-1925 వర్తిస్తాయి.

ఇక కూతుళ్ల సంగతి. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని ఆడపిల్లలకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చే సవరణ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లయినవారికీ ఆ హక్కు దక్కింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని, ఇది పుట్టుకతో వచ్చే హక్కని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా పూర్తయిన పంపకాలను మాత్రం ఈ సవరణ కదపదు.

‘కట్నం ఇచ్చాంగా, ఇంకా వాటా ఏంటి?’ అనే మాట రచ్చబండ దగ్గర చెల్లుతుందేమో, కోర్టులో చెల్లదు. మీరు ఆడపిల్లయితే ‘ఇక్కడో సంతకం పెట్టమ్మా’ అనగానే పెట్టేయకండి. చదవండి, నకలు అడగండి. ఇష్టపడే వదులుకుంటున్నా భూమి, ఇంటి విషయంలో హక్కు విడుదల పత్రానికి రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి. ఆ సంతకం అడిగేది మీరే అయితే, అక్కాచెల్లెళ్లకు అందులో ఏముందో ముందే చెప్పండి. రేపు రాఖీ కట్టే చెయ్యే కోర్టు మెట్లెక్కకుండా ఉంటుంది.

ఏ పనికి ఏ కాగితం?

కుటుంబ సభ్యులెవరో చెప్పే ఫ్యామిలీ మెంబర్‌ సర్టిఫికెట్‌ను తహసీల్దారు ఇస్తారు. నామినీ లేని డిపాజిట్లు, షేర్ల దగ్గర చిక్కు వస్తే వారసత్వ ధ్రువపత్రం కావాలి. దీన్ని ఇచ్చేది కోర్టు. పొలమైతే పట్టాదారు పాసుపుస్తకంలో పేర్లు మారాలి. తెలంగాణ పల్లెల్లో ఫౌతీ, విరాసత్‌ అనేది దీన్నే. ఏళ్లు గడిచేకొద్దీ వారసులు పెరుగుతారు, ఒక్కో సంతకానికి ఒక్కో ఊరు తిరగాలి.

నాన్న చేసిన అప్పుకు మీ జీతాన్ని పట్టుకుంటామని ఎవరైనా బెదిరిస్తే భయపడకండి. మీరు హామీ సంతకమో, సహ రుణగ్రహీతగా సంతకమో పెట్టకపోతే, ఆయన నుంచి మీకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యత.

మనిషి ఉన్నా సంతకం లేకపోతే..

చాలామంది ఊహించనిది ఇదే. పక్షవాతంతోనో, ప్రమాదంలోనో నాన్న కోమాలోకి వెళ్తే ఆయన ఖాతాలో డబ్బున్నా చికిత్సకు తీయలేని పరిస్థితి వస్తుంది. బతికి ఉన్నారు కాబట్టి నామినీకి ఇవ్వరు. ‘పవర్‌ ఆఫ్‌ అటార్నీ ఉందిగా’ అనుకుంటాం. రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం కూడా ముగిసిపోతుందని కాంట్రాక్టు చట్టం చెబుతోంది. కోమాలో ఉన్నవారికి సంరక్షకుణ్ని నియమించే ప్రత్యేక చట్టం మనకు లేదు. హైకోర్టులో రిట్‌ వేసి అనుమతి తెచ్చుకోవాలి. కేరళ హైకోర్టు 2019లో ఇందుకు మార్గదర్శకాలూ ఇచ్చింది. ఐసీయూ బయట నిలబడి రిట్‌ గురించి ఆలోచించడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? అమ్మానాన్నలకు ‘ఇద్దరిలో ఎవరైనా’ తీసుకునే వీలున్న జాయింట్‌ ఖాతా ఒకటి ఉంటే అప్పటి ఖర్చులకు అక్కరకొస్తుంది.

మీ అన్నకో చెల్లికో మేధోవైకల్యం, ఆటిజం, సెరిబ్రల్‌ పాల్సీ ఉంటే 18 ఏళ్లు నిండాక చట్టం దృష్టిలో వాళ్లు పెద్దవాళ్లే. అమ్మానాన్నలైనా వారి తరఫున సంతకం చేయాలంటే సంరక్షకులుగా నియామకం కావాలి. నేషనల్‌ ట్రస్ట్‌ చట్టం-1999 కింద జిల్లాలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. అమ్మానాన్నల తర్వాత ఆ బాధ్యత ఎవరిదో ఇప్పుడే మాట్లాడుకోండి.

ఎలా అడగాలి?

ఆస్తి మాట ఎత్తితే ‘అప్పుడే పంపకాలా?’ అంటారేమోనని బెరుకు సహజం. అందుకే మీతోనే మొదలుపెట్టండి. మీ ఖాతాలు, పీఎఫ్‌, బీమా, లోన్లు ఒక కాగితం మీద రాసి అమ్మానాన్నలకు చూపించండి. ‘నావి ఇవీ.. మీవీ ఇలా రాసిపెడదామా?’ అనండి. అడగాల్సింది ఎవరికెంత అని కాదు, ఎక్కడేముంది అని. పాస్‌వర్డ్‌లు, పిన్‌లు అందులో రాయొద్దు. వీలునామా రాస్తామంటే ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలని గుర్తు చేయండి. రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి కాదు కానీ, చేయిస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి.

ఇప్పటికే వివాదంలో ఉంటే న్యాయసేవల హెల్ప్‌లైన్‌ 15100కు ఫోన్‌ చేయండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది.

ఈ ఆదివారం ఓ గంట కేటాయించండి. ఆ బీరువా తాళం నాన్న చేతిలో ఉండగానే, అందులో ఏముందో ఆయనతోనే చెప్పించుకోండి.