పేజీ అంకెలు లేని పుస్తకం నుంచి ఉల్లేఖన

ఫిలిప్ మిల్లర్ రాసిన ‘ది గార్డెనర్స్ డిక్షనరీ’ 1731లో లండన్‌లో అచ్చయింది. చెల్సీ ఔషధ వనానికి మిల్లర్ 1722 నుంచి 1770 దాకా తోటపెద్ద. ఏ విత్తనం ఏ నెలలో చల్లాలి, నారు ఎప్పుడు తీసి నాటాలి, చలికి ఓర్వని మొక్కను ఎలా బతికించాలి అన్న సంగతులన్నీ అకారాదిగా కూర్చిన భారీ గ్రంథమిది. కలబంద కలిసిన సబ్బులు, లేపనాల అట్టల మీద కనిపించే ‘అలో బార్బడెన్సిస్’ అనే పేరు ఈ పుస్తకపు 1768 కూర్పులో ఆయన పెట్టిందే.

నిఘంటుకారులకు ఇలాంటి పుస్తకం పెద్ద గని. ఒక మాట ఫలానా కాలంలో ఫలానా అర్థంలో వాడుకలో ఉందనడానికి సాక్ష్యం కావాలి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు ఆ సాక్ష్యాలను చీటీల మీద రాయించి పోగు చేసి, 1884లో తొలి భాగం వెలువరించింది. 2002లో మొదలైన ఆన్‌లైన్ నిఘంటువు ఇంగ్లిష్ విక్షనరీలోనూ పద్ధతి అదే. సందేహం వచ్చిన పదం నిలవాలంటే, సాధారణంగా, ఏడాదికి పైబడిన వ్యవధిలో వేర్వేరు రచయితలు వాడిన మూడు ఉల్లేఖనలు చూపాలి. ఇక్కడొక మెలిక ఉంది. మిల్లర్ ఒక పేరును శీర్షికగా పెట్టి ఇదీ దాని అర్థం అని చెబితే అది ఆ పదాన్ని ప్రస్తావించడమే అవుతుంది, వాడినట్టు కాదు. సాగు పద్ధతి వివరిస్తూ వాక్యంలో అలవోకగా వాడిన మాటే గట్టి సాక్ష్యం. కాబట్టి శీర్షికల కంటే వాటి కింది వివరణల్లోనే ఎక్కువ సరుకు దొరుకుతుంది.

ఉల్లేఖనకు ముందు దాని ఆధారం రాస్తారు. మొదట బొద్దు అక్షరాల్లో సంవత్సరం, ఆ తర్వాత రచయిత పేరు, వాలు అక్షరాల్లో పుస్తకం పేరు, ఎన్నో కూర్పు, అచ్చయిన ఊరు, ప్రచురణకర్త, పేజీ. చిక్కంతా చివరి దానితోనే. 1768 నాటి 8వ కూర్పులో పేజీ అంకెలే లేవు. అందుకని ఏ శీర్షిక కిందిదో చెబుతారు. టమాటా గురించిన వాక్యమైతే ఆధారం ఇలా ఉంటుంది: ‘1768, ఫిలిప్ మిల్లర్, ది గార్డెనర్స్ డిక్షనరీ, 8వ కూర్పు, లండన్, లైకోపెర్సికాన్ శీర్షిక కింద’. ఆ శీర్షిక కింద మొక్కలకు వరుస సంఖ్యలు ఉంటాయి గనుక వృక్షశాస్త్రజ్ఞులు ఆ సంఖ్యనూ చేరుస్తారు. కావ్య ప్రయోగాలకు ఆశ్వాసమూ పద్యం సంఖ్యా చూపే తెలుగు నిఘంటువుల పద్ధతీ ఇలాంటిదే. ముద్రణ మారి పేజీలు అటూ ఇటూ అయినా పద్యం దొరక్కపోదు.

సంవత్సరం దగ్గర తొందరపాటు పనికిరాదు. 1768 కూర్పు చూసి రాసుకున్న వాక్యానికి తొలి ముద్రణ నాటి 1731 వేస్తే, మాట వయసు ఒక్కసారిగా 37 ఏళ్లు పెరిగిపోతుంది. దీనికి తోడు మిల్లర్ 1724లో ఇంచుమించు ఇదే పేరుతో చిన్న పుస్తకమొకటి వేశాడు. పెద్ద గ్రంథానికి సంక్షిప్త రూపమూ ఉంది. దాని కూర్పుల లెక్క వేరు. 1754లో వచ్చిన సంక్షిప్త 4వ కూర్పును పెద్ద గ్రంథపు 4వ కూర్పుగా పొరబడడం చాలా తేలిక. మిల్లర్ 1771లో కన్నుమూశాక థామస్ మార్టిన్ తిరగరాసిన కూర్పు 1807లో ముగిసింది. అందులోని వాక్యాన్ని మిల్లర్ ఖాతాలో వేయకూడదు.

ఇక పాఠం సంగతి. ఆ కాలపు అచ్చులో మాట మొదట్లోనూ మధ్యలోనూ వచ్చే ‘ఎస్’ అక్షరం పొడుగ్గా, దాదాపు ‘ఎఫ్’ లాగా ఉంటుంది. స్కాన్ చేసిన పేజీని కంప్యూటర్ చదివితే విత్తనమైన ‘సీడ్’ కాస్తా మేత అనే ‘ఫీడ్’ అవుతుంది, నేల అయిన ‘సాయిల్’ రేకు అనే ‘ఫాయిల్’ అవుతుంది. అవీ నిజమైన మాటలే కావడంతో స్పెల్‌చెక్ కిక్కురుమనదు. పేజీ బొమ్మను పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం కంటితో సరిచూడడం తప్ప దారి లేదు. సాధారణంగా పొడుగు అక్షరాన్ని మామూలు అక్షరంగా మారుస్తారు. వరుస చివర విరిగిన మాటను అతికిస్తారు. తరవాతి పేజీ మొదటి మాటను పేజీ అడుగున ముందుగా అచ్చువేసే అలవాటు ఉండేది, దాన్ని వదిలేస్తారు. పాత వర్ణక్రమం జోలికి మాత్రం పోరు. అది దిద్దితే సాక్ష్యం చెడినట్టే. తీసేసిన భాగం ఉన్నచోట చదరపు కుండలీకరణాల్లో మూడు చుక్కలు పెడతారు. ఏ మాట కోసం వాక్యం తెచ్చారో ఆ మాటను బొద్దుగా చూపుతారు.

ఈ వివరాలన్నీ ప్రతిసారీ టైపు చేయనక్కర్లేకుండా విక్షనరీలో మూసలు ఉంటాయి. ఒకే పుస్తకాన్ని తరచూ ఉల్లేఖిస్తుంటే దానికి ప్రత్యేకంగా ఒక మూస తయారు చేస్తారు. రచయిత, పేరు, ఊరు అందులో స్థిరంగా ఉంటాయి. కూర్పు, శీర్షిక, పాఠం ఇస్తే చాలు. మూసలో ఒక తప్పు దొర్లితే అది వాడిన ప్రతి పుటలోనూ కనిపిస్తుంది, దిద్దితే అన్నిచోట్లా ఒకేసారి పోతుంది.

చివరగా, ఉల్లేఖనను సరైన అర్థం కిందే చేర్చాలి. మిల్లర్ ‘స్టవ్’ అన్నాడంటే అది వంటింటి పొయ్యి కాదు, ఉష్ణదేశపు మొక్కల కోసం వెచ్చగా ఉంచే అద్దాల గది. ఇంగ్లిష్ విక్షనరీ రాతలో ఒక్కో అర్థం ముందు ‘#’ గుర్తు, దాని కింది ఉల్లేఖన ముందు ‘#*’ గుర్తు పెడతారు. సంపాదకుడు సొంతంగా అల్లిన ఉదాహరణ వాక్యానికి ‘#:’ గుర్తు వేరుగా ఉంది కనుక రెండూ కలిసిపోవు.