ప్రళయ కావేరికి ఎదురుగా రెండు నిప్పుకొండలు

ఇంట్లో పిల్లల స్కూలు అట్లాసు ఉంటే బంగాళాఖాతం ఉన్న పేజీ తీయండి. మన పెద్దలు ప్రళయ కావేరి అని పిలుచుకున్న పులికాట్ సరస్సు దక్షిణపు కొస దగ్గర స్కేలు ఆనించి, నేరుగా తూర్పుకు ఒక గీత గీయండి. నీలిరంగు మీదుగా చాలా దూరం పోయి, అండమాన్ దీవుల వరసను కూడా దాటాక, ఆ గీత ఒక చిన్న చుక్కకు తగులుతుంది. దాని పేరు నార్కొండం. పులికాట్ ఊరు, ఈ చుక్క, రెండూ 13.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. కాస్త దిగువన 12.3 డిగ్రీల దగ్గర ఇంకో చుక్క ఉంటుంది. అది బారెన్ దీవి. రెండూ అగ్నిపర్వతాలే. మొదటిది చల్లారిపోయి అడవి కప్పుకుంది. రెండోది భారతదేశం మొత్తంలో ఇప్పటికీ నిప్పులు కక్కుతున్న ఒకే ఒక్క కొండ.

మన తీరానికి అగ్నిపర్వతం ఎదురుగా ఉందంటే మొదట వచ్చే సందేహం దూరం గురించే. శ్రీహరికోట నుంచి బారెన్ దీవికి గీత కొలిస్తే దాదాపు 1,490 కిలోమీటర్లు. నెల్లూరు స్టేషన్‌లో రైలెక్కి హౌరాలో దిగేదాకా ఉన్న పట్టాల పొడవు కూడా ఇంచుమించు అంతే. కాబట్టి మైపాడు ఒడ్డున ఎంత తేటగా ఉన్న రోజు నిలబడినా దాని పొగ కూడా కనబడదు.

పరిమాణం చూస్తే బారెన్ చాలా చిన్నది. అడ్డంగా 3 కిలోమీటర్లు ఉంటుంది. నేల చదునుగా ఉంటే ముప్పావుగంటలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేయవచ్చు. నీటిపైన ఎత్తు 354 మీటర్లే. కానీ ఆ కొండ మొదలయ్యేది నీటి దగ్గర కాదు, అక్కడికి 2,250 మీటర్ల లోతున, సముద్రపు అడుగున. నీళ్లన్నీ తోడేసి చూడగలిగితే అడుగు నుంచి శిఖరం దాకా 2,600 మీటర్ల కొండ కనబడుతుంది. ఊటీలోని దొడ్డబెట్ట శిఖరం సముద్రమట్టానికి 2,637 మీటర్లు. అంత కొండలో తల మాత్రమే పైకి కనబడే దీవి అది. నార్కొండం నీటిపైన 710 మీటర్లు. మన ఉదయగిరి దుర్గం కొండ దాదాపు 940 మీటర్లు, అంటే మనదే ఎత్తు.

దీవి అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది శ్రీహరికోట. అటు సముద్రం, ఇటు ప్రళయ కావేరి, మధ్యలో పొడవాటి ఇసుక నేల. దాన్ని అలలూ ప్రవాహాలూ ఇసుక మేటవేసి పేర్చాయి. బారెన్ అడుగు నుంచి కరిగిన రాయి పొరమీద పొర గడ్డకట్టి పైకి లేచింది. రెండింటికీ ఒక బంధుత్వం మాత్రం ఉంది. శ్రీహరికోట నుంచి తూర్పుకు ఎగిరే రాకెట్ల జాడ పట్టే ఇస్రో కేంద్రాల్లో ఒకటి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చిన ఆ ఊరికి బారెన్ దీవి 140 కిలోమీటర్ల లోపే. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో వందకు 13 మంది మాతృభాష తెలుగు. అంటే మనకు దూరమైన ఆ కొండ, మనవాళ్లు సుమారు 50 వేల మందికి పొరుగున ఉన్నట్టే.

బారెన్ చరిత్ర నిద్ర, మెలకువల చరిత్ర. అది పేలినట్టు మొదటి నమోదు 1787లో. రెండేళ్ల తర్వాత, 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాధికారి దగ్గరకు వెళ్లి చూసి రాసి పెట్టాడు. పోర్ట్‌బ్లెయిర్‌కు పేరిచ్చింది ఆయనే. 19వ శతాబ్దంలో కొన్నిసార్లు రేగి, తర్వాత దాదాపు 150 ఏళ్లు నిద్రపోయింది. ఇన్ని తరాలు గడిచాక ఎవరైనా చల్లారిందనే అనుకుంటారు. 1991 మార్చిలో మళ్లీ లేచింది. 1994-95లో ఒకసారి, 2005 మేలో ఇంకోసారి. 2017 జనవరి 23న గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు సింధు సంకల్ప్ నౌక మీద ఆ దగ్గర్లోనే పరిశోధనలో ఉండగా, కళ్లెదుటే అది బూడిద చిమ్మింది. పగలు బూడిదే కనబడింది. పొద్దుగూకాక ఎర్రటి లావా వాలు మీదుగా జారడం చూశారు. మనుషులెవరూ కాపురం లేని ఆ దీవిలో మేకలు తిరుగుతున్నాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఎప్పుడో ఓడలవాళ్లు వదిలిన మందకు వారసులవి.

నార్కొండం కథ వేరు. నరకకుండం అనే మాటే అలా మారిందని ఒక అభిప్రాయం. అదే నిజమైతే ఆ పేరు నిప్పులు కక్కే బారెన్‌కు ఉండవలసింది, పటాల్లో తారుమారైందని అనేవారూ ఉన్నారు. పేరు సంగతి ఎలా ఉన్నా, ఆ దీవి ఎవరిదన్న విషయంలో బర్మాతో పేచీ ఉండేది. 1986లో రెండు దేశాలూ సముద్రపు హద్దు ఒప్పందం చేసుకోవడంతో అది తీరింది. ఇప్పుడక్కడ ఒక పోలీసు ఔట్‌పోస్టు, దట్టమైన అడవి, ప్రపంచంలో మరెక్కడా లేని నార్కొండం హార్న్‌బిల్ పక్షి ఉన్నాయి.

అగ్నిపర్వతం అక్కడే ఎందుకు పుట్టింది, మన వైపు ఎందుకు లేదు? ఇది అందరికీ వచ్చే సందేహమే, దీని జవాబులోనే అసలు విషయం ఉంది. భూమి పైపొర ఒకే పెంకు కాదు, పగిలిన పెంకుల్లా ముక్కలుగా ఉంది. ఆ ముక్కల్ని ఫలకాలంటారు. మనం ఉన్న ముక్క ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. మీ ఇల్లు కట్టి 30 ఏళ్లయిందనుకోండి. గృహప్రవేశం నాడున్న చోటు నుంచి మీ గడప ఈపాటికి ఒకటిన్నర మీటరు జరిగింది. ఇల్లు, ఊరు, పెన్నా, మైపాడు ఒడ్డు, ఆ ముందున్న సముద్రపు అడుగు, అన్నీ ఒకే ముక్క మీద ఉన్నాయి కనుక జరిగినట్టు మనకు తెలియదు. ఆ ముక్క అంచు అండమాన్ దగ్గర ఎదుటి ముక్కకు తగిలి, దాని కిందికి దూరుతోంది. దూరే చోట సముద్రపు అడుగున పొడవాటి కందకం ఏర్పడింది.

కిందికి దిగే రాయి తనతో పాటు సముద్రపు నీటిని కూడా పట్టుకుపోతుంది. దాదాపు 100 కిలోమీటర్ల లోతున వేడికీ ఒత్తిడికీ ఆ నీరు బయటపడి, పైనున్న వేడి రాతిలోకి చేరుతుంది. ఇక్కడ వంటింటిని గుర్తు తెచ్చుకోండి. పొడి బెల్లం గడ్డను మూకుడులో పెడితే కరిగేలోపు అడుగు మాడుతుంది. రెండు చెంచాల నీళ్లు చల్లితే అదే మంట మీద పాకమవుతుంది. లోపలి రాయికి నీరు చేసే పని కూడా అలాంటిదే. మామూలుగా ఆ వేడికి కరగని రాయి, నీరు తగిలితే కరిగి, తేలికై, పైకి వస్తుంది. వచ్చి బయటపడిన చోట బారెన్. మన తీరం ఆ ముక్కకు అంచు కాదు, నడిమి భాగం. ఇక్కడ ఒకటి కిందికి దూరడం లేదు, కరగడమూ లేదు.

అయితే ఎప్పుడూ లేదా అంటే, ఉండేది. పాత నెల్లూరు జిల్లా దక్షిణ భాగంలో కండ్ర చుట్టుపక్కల రాళ్లను పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్తలు అవి సుమారు 185 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు అడుగు ముక్కలని తేల్చారు. ఒక ముక్క ఇంకోదాని కిందికి దూరే తంతు అప్పట్లో ఇక్కడే నడిచింది. ఇప్పటి బంగాళాఖాతం పుట్టింది అంటార్కిటికా నుంచి మన నేల విడిపోయినప్పుడు, 13 కోట్ల ఏళ్ల కిందట. కండ్ర సముద్రం 85 ఏళ్ల తాత అయితే మన బంగాళాఖాతం ఆరేళ్ల మనవడు. గూడూరు దారిలో కారు ఆపి ఆ రాళ్లను ముట్టుకునే వీలున్నవాళ్లం, బారెన్ చూడాలని ఓడ ఎక్కనక్కర్లేదని నాకనిపిస్తుంది.

ఇక భయాల సంగతి. బూడిద మన దాకా వస్తుందా? బారెన్‌లో ఇప్పటివరకు నమోదైన పేలుళ్లు చిన్నవే, ఆ బూడిద చుట్టుపక్కల సముద్రంలోనే పడుతోంది. కానీ అగ్నిపర్వతపు బూడిద తెలుగు నేల మీద ఎన్నడూ పడలేదని మాత్రం అనలేం. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని తోబా పేలినప్పుడు ఆ బూడిద ఇక్కడికీ చేరింది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో, దానికి ఆ పేరు ఉండటం కేవలం కాకతాళీయం, ఆ బూడిద పొర నేటికీ ఉంది. దాని కింద, పైన కూడా మనుషులు వాడిన రాతి పనిముట్లు దొరికాయి. బారెన్‌కూ తోబాకూ పోలికే లేదు.

కొండ పేలితే సునామీ వస్తుందా? రావచ్చు. 2018 డిసెంబరులో ఇండోనేషియాలోని అనక్ క్రకటావు కొండ పక్క భాగం సముద్రంలోకి జారి, లేచిన అలకు 400 మందికి పైగా చనిపోయారు. కానీ పోయింది చుట్టుపక్కల తీరాలవాళ్లు. బారెన్‌కూ మనకూ మధ్య అండమాన్ దీవుల వరస గోడలా ఉంది. అక్కడ ఏ అల లేచినా ముందు తగిలేది వాటి తూర్పు తీరానికే.

అట్లాసును ఇంకోసారి చూడండి. మన ఒడ్డు నుంచి వెళ్తే ముందు సముద్రం, తర్వాత ఆ కందకం, తర్వాత అండమాన్ దీవులు, వాటి వెనక బారెన్. కొండ గోడకు అవతల ఉంటే, కందకం గోడకు ఇవతల, మన వైపు ఉంది. మనకు ప్రమాదం పొగ నుంచి కాదు, ఆ కందకం నుంచి. 2004 డిసెంబరు 26న జరిగింది అదే. ఉదయం 6.29కి సుమత్రా దగ్గర ఆ కందకం వెంబడి మొదలైన భూకంపపు చీలిక ఉత్తరంగా అండమాన్ దాకా 1,300 కిలోమీటర్లు సాగింది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఉన్న మన తీరం మొత్తం కంటే అది పొడవు. తొమ్మిది గంటల ప్రాంతానికి నీళ్లు మన ఒడ్డుకెక్కాయి. ఆంధ్ర తీరంలో వంద మందికి పైగా పోయారు. ఆ రోజు కొండ పేలనే లేదు, అది పేలింది ఐదు నెలల తర్వాత. అంతకుముందు 1881 డిసెంబరు 31న నికోబార్ భూకంపానికి లేచిన చిన్న అల మద్రాసు రేవు నీటి కొలతల్లో నమోదైంది. అప్పుడూ కారణం కందకమే.

రెండున్నర గంటలు ఎలా పట్టిందో మీరే లెక్క కట్టవచ్చు. సముద్రపు లోతును మీటర్లలో తీసుకుని పదితో హెచ్చవేసి వర్గమూలం కడితే, సెకనుకు అల ఎన్ని మీటర్లు పోతుందో వస్తుంది. నడిసముద్రం 3,000 మీటర్ల లోతు అనుకుంటే గంటకు 600 కిలోమీటర్లు దాటుతుంది. నెల్లూరు నుంచి చెన్నైకి 17 నిమిషాలు. అదే అల పది మీటర్ల లోతుకు వచ్చేసరికి గంటకు 36 కిలోమీటర్లకు తగ్గి, ముందు భాగం ఆగుతుంటే వెనక నీళ్లు తోసుకొచ్చి ఎత్తు పెరుగుతుంది.

భూమి కంపిస్తే తెలుస్తుంది కదా అనుకోవద్దు. 1,300 కిలోమీటర్ల అవతలి కుదుపు మన ఒడ్డున చాలామందికి తెలియకపోవచ్చు. అందుకే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. భూకంపం వచ్చిన పది నిమిషాల్లో తొలి సమాచారం ఇచ్చేలా దాన్ని నడుపుతున్నారు. మనకు మిగిలే సమయం రెండు గంటల పైమాట. ఒడ్డున ఉన్నవాళ్లు ఆ సమయంలో మిట్టకు చేరాలి, మొదటి అల తగ్గిందని వెంటనే దిగి రాకూడదు, రెండోది పెద్దది కావచ్చు.

వేటకు వెళ్లినవాళ్ల మాట వేరు. 2004లో చీలిక వచ్చిన రెండు గంటలకు జేసన్-1 ఉపగ్రహం హిందూ మహాసముద్రం మీద ఆ అలను కొలిస్తే ఎత్తు 60 సెంటీమీటర్లు, మోకాలంత. దాని పొడవు వందల కిలోమీటర్లు కావడంతో పడవ మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది, ఉన్నవాళ్లకు తెలియనే తెలియదు. హెచ్చరిక అందినప్పుడు లోతు నీళ్లలో ఉన్న పడవ రేవుకు తిరగకూడదు, అక్కడే ఉండి కబురు కోసం ఆగాలి.